గ్రైండరు పెట్టకముందే

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. బోర్డు లేదు. అవసరమున్నవాళ్లు అడుగుతూ వచ్చేస్తారు. యజమానికి డెబ్బై దగ్గరపడుతున్నాయి. లారీ బాడీలు కట్టేచోట సుత్తి పట్టి, టింకరింగ్ మేస్త్రిగా పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఫియట్లు, అంబాసిడర్లు, జీపులు బాగుచేస్తున్నాడు. మేనల్లుడు పుణెలో కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం మానేసి మామ దగ్గర చేరాడు. చేరిన దగ్గర్నుంచీ ఇద్దరికీ పడదు, విడిచీ ఉండరు.

ఈసారి గొడవ 1968 ఫియట్ 1100 డిలైట్ గురించి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసిన బండి. తర్వాతి రోజుల్లో పద్మిని అని పేరు మార్చుకున్నది ఇదే. గుడివాడ దగ్గర ఒక ఊళ్లో గొడ్లసావిట్లో ఏళ్ల తరబడి పడివుంది. కొన్న పెద్దాయన లేరు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. “నాన్న కారు నడవాలి. వచ్చినప్పుడు పిల్లల్ని ఎక్కించుకుని హంసలదీవి వెళ్లిరావాలి. ఖర్చుకు వెనకాడను” అని ఫోన్లో చెప్పాడట. ఆ నాలుగు మాటల్నీ ఇద్దరూ చెరోవిధంగా అర్థం చేసుకున్నారు. నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు గానీ, ఎవరూ నా మాట అడగలేదు. విన్నంతవరకూ రాస్తున్నాను.

అల్లుడు: మామా, ఆయన అడిగింది నడిచే కారు. అద్దాల గదిలో పెట్టే బొమ్మ కాదు. ఆ 1089 సీసీ ఇంజను దించేద్దాం. మారుతి జిప్సీ ఇంజను, 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ, దాని ఐదు గేర్ల బాక్సుతో సహా ఎక్కిద్దాం. 40 హార్స్‌పవర్ ఉన్నచోట 80 వస్తుంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఏసీ, పవర్ స్టీరింగు. బయటినుంచి వాళ్ల నాన్న కారే. తాళం తిప్పితే ఈ కాలం బండి.

మామ: ఈ కాలం బండి కావాలంటే ఊళ్లో షోరూములు లేవా? లోపలా బయటా కొత్తదే ఇస్తారు. ఆయన వాళ్ల నాన్న కారు అడిగాడు. ముసుగు అడగలేదు.

అల్లుడు: ముసుగేంటి? ప్రపంచమంతా దీన్ని రెస్టోమాడ్ అంటోంది. పెద్ద పెద్ద షాపులున్నాయి దీనికి.

మామ: పేరు సంగతి తర్వాత. ఫియట్‌కి గేరు రాడ్డు ఎక్కడుంటుంది?

అల్లుడు: స్టీరింగు కింద.

మామ: జిప్సీకి?

అల్లుడు: నేలమీద.

మామ: ఆ రాడ్డు పైకి రావాలంటే నేల రేకు కొయ్యాలి. బాక్సు పట్టాలంటే మధ్య గూడు వెడల్పు చెయ్యాలి. ఇంజను కూర్చోవడానికి కొత్త మౌంటింగులు వెల్డింగు పెట్టాలి. ఇది జీపు కాదురా. జీపుకి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా అంతే, బోల్టులిప్పితే బాడీ పైకి లేస్తుంది. ఫియట్‌కి విడిగా ఛాసిస్ లేదు. నేల, డోర్ల కింద పెట్టె రేకులు, స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. నేల కోశావంటే ఛాసిస్ కోశావన్నమాటే.

అల్లుడు: ఆ నేల ఇప్పటికే జల్లెడయింది మామా. పొద్దున స్క్రూడ్రైవరుతో పొడిస్తే అటువైపు దిగింది. గొడ్లసావిట్లో తేమ, పేడ, పైన రాలిన గడ్డి. నువ్వు చేసినా కొయ్యక తప్పదు.

మామ: కోస్తాను. కుళ్లింది కోస్తాను. కుళ్లని అంగుళం దగ్గర ఆగుతాను. అక్కడే తేడా.

(ఇక్కడ మామ చాలాసేపు మాట్లాడాడు. అల్లుడు రెండుసార్లు ఫోను చూసుకున్నాడు. నేను మాత్రం ఈ షెడ్డుకి ఇలాంటి మాటల కోసమే వస్తాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.)

మామ: ముందు డోర్లు విప్పను. చాలామంది అదే చేస్తారు, డోర్లు విప్పేసి, కింద రేకు కోసేసి, కొత్త రేకు అతికేసి, అప్పుడు డోరు పెట్టి చూస్తారు. పట్టదు. ఎందుకంటే కింద పెట్టె రేకు తీసెయ్యగానే బండి నడుము దిగిపోతుంది. మన కంటికి కనపడదు, డోరుకి తెలుస్తుంది. అందుకని డోరు సందు ఎంతుందో ముందే కొలుచుకోవాలి. ఆ ఖాళీలో అడ్డంగా, ఏటవాలుగా పైపులు వెల్డింగు పెట్టి బిగించాలి. బండి చక్రాలమీద కాదు, స్టాండుల మీద సమంగా కూర్చోవాలి. మూల నుంచి మూలకు తీగ లాగి రెండు కొలతలూ ఒకటేనా చూడాలి. అప్పుడు ఒకవైపు కోసి, అది పూర్తయ్యాకే రెండోవైపు. రెండూ ఒకేసారి కోసినవాడు మేస్త్రి కాదు.

కొత్త రేకు అదే గేజి ఉండాలి. మందం రేకు వేస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు, కానీ మందం, పలచన కలిసినచోట వెల్డింగు పక్కన చిట్లుతుంది. పాత రేకులో ఎక్కడ గాడి ఉందో, ఎక్కడ నీళ్లు దిగే చిల్లి ఉందో, కొత్త రేకులోనూ అవి రావాలి. ఆ చిల్లి మర్చిపోతే పదేళ్లలో మళ్లీ నా దగ్గరికే వస్తుంది. పైకి కనిపించే రేకుకి నేను ఇప్పటికీ గ్యాస్ వెల్డింగే. మీ మిగ్ వెల్డింగు వేగంగా అవుతుంది గానీ అతుకు బిరుసుగా ఉంటుంది, సుత్తికి లొంగదు. గ్యాస్ అతుకు మెత్తన. కింద డాలీ పెట్టి పైన కొడితే రేకులో కలిసిపోతుంది. వేడికి రేకు సాగి ఉబ్బిందనుకో, ఉబ్బినచోట రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ కొట్టి, తడిగుడ్డ వెయ్యాలి. చుయ్ మని ముడుచుకుంటుంది. ఎంత కాల్చాలో పుస్తకంలో లేదు.

అల్లుడు: పుస్తకంలో లేకపోవడం గొప్పేం కాదు. నీ తర్వాత ఎవరికీ రాదని అర్థం.

మామ: నేర్చుకునేవాడు ఫోను చూసుకుంటుంటే ఎలా వస్తుంది?

అల్లుడు: సరే, తప్పే. కానీ ఇంత పని ఎవరు చూస్తారు? పక్క షెడ్డులో ఇదే నేలకి రేకు ముక్క రివెట్లు కొట్టి, లప్పం పూసి, రంగేసి వారంలో ఇస్తారు.

మామ: చూసేవాడికి అయస్కాంతం చాలు. గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పో. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. పాత కారు కొనేవాళ్లందరికీ నేను చెప్పేది అదే. లప్పం నేనూ వాడతాను, అద్దం మీద దుమ్మంత. గుంట పూడ్చడానికి కాదు.

అల్లుడు: పని గురించి నీతో వాదించను. పని దేనికోసం అన్నదే వాదన. నువ్వు ఒరిజినల్, ఒరిజినల్ అంటావు. అసలు ఒరిజినల్ అంటే ఏంటి? చౌమహల్లాలో నిజాం గారి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ చూశావుగా. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఇంజనూ ఛాసిస్సూ మాత్రమే అమ్మేది. బాడీ లండన్‌లో బార్కర్ వాళ్లు కట్టారు. రాజులు, నవాబులు ఎవరి ముచ్చట వాళ్లు కట్టించుకున్నారు. కంపెనీ తానే బాడీతో సహా కారు అమ్మడం మొదలెట్టింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. 1910లో కలకత్తాలో ఉండే ఒక స్కాట్లాండ్ ఇంజనీరు ఇంగ్లండులో హంస ఆకారంలో కారు కట్టించి తెప్పించాడు. అదిప్పుడు నెదర్లాండ్స్‌లో మ్యూజియంలో ఉంది. అప్పుడు చేస్తే కళ, ఇప్పుడు మేం చేస్తే పాపమా?

మామ: బాడీ లేని ఛాసిస్ మీద బాడీ కట్టడం పాపమని ఎవరన్నారు? నేను చేసిందదే గదరా. టాటా వాళ్లో లేలాండ్ వాళ్లో డ్రైవరు కూర్చోవడానికి చెక్కపెట్టె తప్ప ఏమీ లేని ఛాసిస్ పంపేవాళ్లు. ఆ మొండి ఛాసిస్ మీద ఎండలో కూర్చుని జంషెడ్‌పూర్ నుంచి బెజవాడ దాకా తోలుకొచ్చేవాళ్లు. దానిమీద క్యాబిన్, బాడీ, చెక్క, ఇనుము, పైన దేవుడి పటానికి గూడు, వెనక పెయింటింగు, అంతా ఈ ఆటోనగర్‌లోనే. ఓనరు ఏది కోరితే అది. మీ బార్కర్ పనే అది, మనకి సూటుబూటు లేదు, అంతే.

అల్లుడు: అందుకే అంటున్నా! మన రక్తంలోనే ఉంది కస్టమ్ పని. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ గారి మ్యూజియం ఎంతమంది చూస్తున్నారు? క్రికెట్ బంతి కారు, లిప్‌స్టిక్ కారు, కంప్యూటర్ కారు. మూడు చక్రాల పెద్ద సైకిలు చేసి 2005లో గిన్నిస్ రికార్డు కొట్టాడాయన.

మామ: ఆయనంటే నాకు గౌరవం. ఆయన తుక్కుతో మొదలుపెట్టి కారు చేస్తాడు. నువ్వు కారుతో మొదలుపెట్టి తుక్కు చేస్తానంటున్నావు.

(అల్లుడు నవ్వేశాడు. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.)

అల్లుడు: అమెరికాలో, కాలిఫోర్నియాలో సింగర్ అని ఒక షాపుంది.

మామ: సింగరంటే కుట్టుమిషను కదరా.

అల్లుడు: ఇది వేరే. 2009లో రాబ్ డికిన్సన్ అని, రాక్ బ్యాండులో పాడేవాడు, ఆయన పెట్టాడు. 1989 నుంచి 94 దాకా వచ్చిన పోర్షే 911లు తీసుకుంటారు, 964 అంటారు వాటిని. రేకుదాకా విప్పేస్తారు. బాడీ ప్యానెళ్లు చాలావరకు కార్బన్ ఫైబర్‌తో కొత్తగా చేస్తారు. ఇంజను మళ్లీ కడతారు. లోపల కుట్టు, తోలు, మీటర్లు, ఒక్కో ముక్క చేత్తో. లక్షల డాలర్లు పోసి కొంటున్నారు. అది కూడా తుక్కేనా?

మామ: ఫొటోలు చూపించు. (చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి, ఫోను దగ్గరికి పెట్టుకుని, బానెట్ అంచు సందు చూశాడు.) చెయ్యి బాగుంది. చాలా బాగుంది. కానీ నేనొకటి అడుగుతా. ఆ పోర్షేలు ఎన్ని తయారయ్యాయి?

అల్లుడు: వేలల్లో.

మామ: విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయా?

అల్లుడు: పోర్షే వాళ్లే ఇస్తారు.

మామ: అదీ సంగతి. ఫియట్‌కి కంపెనీయే లేదు. బొంబాయిలో ఒకప్పుడు ఎక్కడ చూసినా నలుపు పసుపు పద్మిని ట్యాక్సీలు. ఆఖరు ట్యాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరయింది. ఇరవయ్యేళ్లు నిండాయని 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. మిగతావన్నీ ఏమయ్యాయి? కరిగి కడ్డీలయ్యాయి. ఉన్నంతకాలం దాన్ని ఎవరు లెక్కచేశారు? 1968లో ఈ బండి కొనాలంటే బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. దేశంలో ఉన్నవి మూడు రకాల కార్లే, అంబాసిడరు, ఫియటు, స్టాండర్డు. అలా వచ్చిన బండి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలుస్తున్న బండి, ఒకే కుటుంబం చేతిలో ఉండిపోయిన బండి. ఇలాంటివి నా దగ్గరికి ఏడాదికొకటి కూడా రావడంలేదు. దీన్నే దొరికిందా నీకు కొయ్యడానికి? ముక్కలు మూడు బళ్లవి కలిపి అతికిన పద్మిని పెరట్లో పడుందిగా, దానిమీద చూపించు నీ ప్రతాపం. నేనే రేకు కొడతా.

అల్లుడు: నిజంగా?

మామ: దానికి పోయేదేముంది? అది ఏ ఒక్క కారూ కాదు.

(ఇది నాకు కొత్త. మామ కస్టమ్ పనికే వ్యతిరేకి అనుకున్నాను. ఆయన అభ్యంతరం పని మీద కాదు, ఏ బండి మీద చేస్తారన్న దానిమీద. అల్లుడికి కూడా ఇది అప్పుడే తెలిసినట్టుంది. అయినా వాడు ఊరుకునే రకం కాదు.)

అల్లుడు: ముక్కలు మార్చితే కారు మారిపోతుందంటావు. బెంట్లీ కథ చెప్తా విను. ఓల్డ్ నంబర్ వన్ అని స్పీడ్ సిక్స్ బెంట్లీ. 1929, 1930 వరసగా రెండేళ్లు లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. తర్వాత రేసుల కోసం మార్చుతూ పోయారు, ఛాసిస్ మారింది, ఇంజను మారింది, బాడీ మారింది. చాలా ఏళ్లకు కోటి పౌండ్లకు బేరం కుదిరింది. తీరా చూస్తే కొనేవాళ్లు, ఇది ఆ కారే కాదు పొమ్మన్నారు. 1990లో లండన్ కోర్టుకెళ్లింది. 1929 నాటి సామాను ఇందులో దాదాపు ఏమీ మిగల్లేదని జడ్జి ఒప్పుకున్నాడు. అయినా ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నాడు, బేరం చెల్లుతుందన్నాడు. ముక్కలన్నీ మారినా కారు అదే. మరి నేను ఇంజనొక్కటి మారిస్తే?

మామ: ఎందుకన్నాడు ఆ మాట? కారణం చెప్పావు కాదు.

అల్లుడు: చరిత్ర ఎక్కడా తెగలేదని. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి మారుస్తూ వచ్చారు గానీ, కారు కారుగానే నడుస్తూ వచ్చిందని.

మామ: ఎప్పుడేం మార్చారో కాగితం ఉంది కనక కోర్టులో నిలబడింది. మన దగ్గర ఎవరు రాస్తారు? ఇంజను రీబోరు చేసినవాడు పిస్టను సైజు చీటీ కూడా ఇవ్వడు. తర్వాతివాడు హెడ్డు విప్పేదాకా ఏ సైజో తెలీదు. ఆ కథ నా వైపే చెబుతోందిరా అల్లుడూ.

అల్లుడు: ఇద్దరి వైపూ చెబుతోంది. సరే, ఆ మాట పట్టుకునే అడుగుతా. కిందటేడు అంబాసిడరుకి డైనమో పీకి ఆల్టర్నేటరు పెట్టావు. అది ఒరిజినలా?

మామ: రాత్రిపూట లైటు వేస్తే బ్యాటరీ దిగిపోతోందని ఆసామి గోల. పెట్టాను. ఆ డైనమో గోనెసంచిలో కట్టి డిక్కీలోనే పెట్టిచ్చాను. రెండు బోల్టులు విప్పితే మళ్లీ పాతదే. బోల్టుతో పెట్టింది బోల్టుతో వచ్చేస్తుంది. గ్రైండరుతో పోయింది తిరిగిరాదు.

అల్లుడు: పాత కార్ల సంఘాలన్నిటికీ కలిపి ఫీవా అని అంతర్జాతీయ సమాఖ్య ఉంది, 1966 నుంచీ. వాళ్లు 2012లో టురిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించారు. నువ్వన్నదే అందులో ఉంది. మార్పు తప్పనిసరైతే పాత నిర్మాణం చెడకూడదు, మళ్లీ వెనక్కి తీసుకునేలా ఉండాలి, మార్చిన ప్రతిదీ రాసిపెట్టాలి.

మామ: చూశావా!

అల్లుడు: ఆగు, నీ సంతోషం అప్పుడే వద్దు. అదే చార్టర్ ఇంకో మాట కూడా అంటుంది. వాడకంలో వచ్చిన అరుగుదల కూడా ఆ బండి చరిత్రే. కొత్తదానికంటే కొత్తగా చెయ్యడం రెస్టొరేషన్ కాదు. మరి నువ్వు చేసేదేంటి? 1968లో ఈ కారుకి కొట్టింది ఎన్‌సీ పెయింటు. మెరుపు ఓ మోస్తరు, దగ్గరగా చూస్తే నారింజ తొక్కలా గరుకు. నువ్వు కొట్టేది పీయూ పెయింటు, పైన క్లియర్ కోటు, ముఖం చూసుకోవచ్చు. బంపరు క్రోమింగు కంపెనీలో కూడా అంత బాగా చెయ్యలేదు. డోరు సందులు కంపెనీ నుంచి వంకరగానే వచ్చేవి, నువ్వు నూలుపోగు పట్టినట్టు సరిచేస్తావు. నీ కార్లు కుర్లా నుంచి వచ్చిన కార్లు కావు మామా. నీ మనసులో ఉన్న కార్లు.

(మామ టీ గ్లాసు తీసుకున్నాడు. ఖాళీగా ఉంది. పెట్టేశాడు.)

మామ: కస్టమరు మెరుపు అడుగుతాడు.

అల్లుడు: నా కస్టమరు ఏసీ అడుగుతున్నాడు! నీ కస్టమరు అడిగితే న్యాయం, నా కస్టమరు అడిగితే తుక్కా? డ్రైవరు డోరు పైన చూడు, అద్దం దించినచోట. మోచెయ్యి ఆనించీ ఆనించీ రంగు పోయి ప్రైమరు కనిపిస్తోంది. అది ఆ పెద్దాయన మోచెయ్యి. నువ్వు ఆ డోరు గీకి రంగు కొడితే అది పోతుంది. నేను ఇంజను మార్చితే ఇంజను మూలన ఉంటుంది, కావాలంటే మళ్లీ ఎక్కించుకోవచ్చు. ఆ మోచేతి గుర్తు మళ్లీ ఎక్కించగలవా?

(మధ్యాహ్నం మొత్తంలో ఇంతకంటే గట్టి దెబ్బ పడలేదు. పాత కార్ల ర్యాలీల్లో నేను చూసిన బళ్లలో సగం కంపెనీ గేటు దాటిన రోజున కూడా అంత మెరిసి ఉండవు. బహుమతులూ వాటికే. మామ లేచి వెళ్లి ఆ డోరు మీద బొటనవేలు పెట్టి రుద్ది చూసి వచ్చాడు.)

మామ: రంగు విషయం ఆలోచిస్తాను. బ్రేకుల సంగతి చెప్పు. డిస్కులు దేనికి? 40 గుర్రాల బండికి డ్రమ్ములు చాలవా?

అల్లుడు: డిస్కు పక్కన పెట్టు. ఈ బండికి మాస్టర్ సిలిండరు ఒక్క గదిదే. నాలుగు చక్రాలకీ ఒకటే నూనె దారి. ఒక్క పైపు పగిలినా, ఒక్క చక్రం దగ్గర రబ్బరు కప్పు చిరిగినా పెడలు నేలకంటుతుంది, నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. 1968లో రోడ్డు మీద ఎవరున్నారు? ఇప్పుడు ఏబీఎస్ ఉన్న బండి నీ ముందు టక్కున ఆగుతుంది. ఆయన పిల్లల్ని ఎక్కించుకుంటానన్నాడు. ఒరిజినల్ కోసం వాళ్లని పణం పెడతావా?

మామ: రెండు గదుల సిలిండరు పెట్టొచ్చు. ముందు చక్రాలకు ఒక పైపు, వెనక చక్రాలకు ఒక పైపు.

అల్లుడు: కోత అక్కర్లేదు. బ్రాకెట్ నేను గీస్తాను, పాత బోల్టు చిల్లులకే పట్టేలా.

మామ: గియ్యి. డిస్కుల మాట ఎత్తకు. ఏసీ మాట అసలెత్తకు. ఆ ఇంజనుకి కంప్రెసరు కడితే కరకట్ట ఎక్కదు.

అల్లుడు: మే నెలలో బెజవాడలో ఏసీ లేకుండానా?

మామ: డోరు ముందు మూడు మూలల చిన్న అద్దం ఉంది చూడు. దాన్ని తిప్పితే గాలి ఛాతీమీద కొడుతుంది. మే నెలలో హంసలదీవి ఎవరు వెళ్లమన్నారు? సంక్రాంతికి రమ్మను.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను, వాళ్లిద్దరూ చట్టం సంగతి ఎత్తడం లేదని. ఎత్తగానే ఇద్దరూ నా మీద పడ్డారు. వాళ్లకి నాకంటే బాగా తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అంటే జిప్సీ ఇంజను ప్లాను ఆర్టీవో ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇదే సెక్షను, ఇంధనం మార్చుకోవడానికి మాత్రం దారి ఇస్తుంది. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటివి. ఆమోదం పొందిన కిట్టుతో, అనుమతితో ఇంజను మొత్తం పీకి మోటారూ బ్యాటరీలూ పెట్టుకోవచ్చు. పెట్రోలుతో నడిచే ఇంకో ఇంజను నేరం, అసలు ఇంజనే లేకపోవడం న్యాయం.

అల్లుడు: ఢిల్లీలో, బెంగళూరులో చేస్తున్నారు కూడా. మనమూ...

మామ: నోర్ముయ్.

2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉంటే, 20,000 రూపాయలు కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరు ప్లేటు మీద వీఏ అనే అక్షరాలుంటాయి. మామ ఈ ఫియట్‌కి అదే చేయిద్దామని మొదటినుంచీ అంటున్నాడట.

అల్లుడు: నిబంధన మొత్తం చదివావా మామా? వింటేజ్ బండి రోడ్డెక్కాలంటే ర్యాలీకి పోవాలి, ఎగ్జిబిషనుకి పోవాలి, పెట్రోలు కొట్టించుకోవడానికో రిపేరుకో పోవాలి. రోజువారీ వాడకం కుదరదు. హంసలదీవి ప్రయాణం ఆ జాబితాలో లేదు. నువ్వు వీఏ ప్లేటు పెట్టిస్తే ఆయన వాళ్ల నాన్న కారులో పిల్లల్ని తిప్పలేడు. ఏ పని కోసం బాగుచేయమన్నాడో ఆ పనే కుదరకుండా పోతుంది.

మామ: మరి మామూలు ఆర్‌సీయే రెన్యువల్ చేయిద్దాం. ఫిట్‌నెస్ చూపిస్తే ఐదేళ్లకిస్తారు. ఇంజను నంబరు చూస్తారు, అది మాత్రం కలవాలి.

అల్లుడు: అంటే ఇంజను అదే ఉండాలని నిబంధనే చెప్పింది, నువ్వు గెలవలేదు.

మామ: ఎవరు చెబితే ఏం, ఇంజను ఉంది.

ఆ తర్వాత వాదన కాదు, పని మాటలు. సిలిండర్లు రీబోరుకు లేత్ షాపుకి పంపాలి. క్రాంకు కొలిచి బేరింగులు ఏ సైజువో తేల్చాలి. కార్బొరేటరు కడిగి జెట్లు చూడాలి. డోరు బీడింగు రబ్బరు బజార్లో దొరకదు. అల్లుడు పాత ముక్క అడ్డకోత స్కాను చేసి డై చేయిస్తానన్నాడు. మామకి ఇది బాగా నచ్చింది. హెరాల్డ్ బీడింగు కూడా చేయించగలవా, జీపుది కూడానా అని వెంటవెంటనే అడిగాడు. పుణె అనుభవానికి ఆయన దగ్గర విలువ దొరికిన సందర్భం నేను చూడ్డం ఇదే.

జాబ్ కార్డు మీద ఆ సాయంత్రం రాసినవి: ఇంజను పాతదే, నేల రేకు కుళ్లినంతవరకే, రెండు గదుల మాస్టర్ సిలిండరు, పాత సిలిండరు డిక్కీలో. డిస్కులు, ఏసీ కొట్టేశారు. రంగు అన్నచోట మామ ఏమీ రాయలేదు. అల్లుడు పెన్సిలుతో ‘డోరు గీకవద్దు’ అని రాశాడు, మామ చెరపలేదు. పెరట్లో ఉన్న పద్మినికి వేరే కార్డు తెరిచారు, దానిమీద అన్నీ అల్లుడి అక్షరాలే.

నా తీర్పు ఎవరూ అడగలేదు గనక ఇక్కడ చెబుతున్నాను. కోతల విషయంలో మామది న్యాయం. మెరుపుల విషయంలో అల్లుడిది న్యాయం, అది మన పాత కార్ల ప్రియులందరూ వినాల్సిన మాట. కొత్తగా కట్టాలనుకునే కుర్రాళ్లకు అతుకుల బళ్లు, అనాథ బళ్లు కావలసినన్ని ఉన్నాయి. తరం మారినా చెయ్యి మారని బండిని మాత్రం వదిలెయ్యండి.

మీ ఊళ్లో, మీ సావిట్లో అలాంటిదొకటి టార్పాలిన్ కింద ఉంటే, మెకానిక్కుని పిలవడానికి ముందు రెండు పనులు చెయ్యండి. ఒక్క బోల్టు కూడా విప్పకముందే నాలుగు వైపులా, లోపలా, కిందా ఫొటోలు తీసుకోండి. తర్వాత ఇనప్పెట్టెలోనో, తాతగారి డైరీల మధ్యనో ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో వెతికి పట్టుకోండి. వింటేజ్ ప్లేటు కావాలన్నా, మామూలు రెన్యువల్ కావాలన్నా ముందు అడిగేది అదే.